తేనెపట్టు విడగొట్టాక కొత్త రాణి గుడ్లు పెట్టేదాకా: ఏ రోజు మూత తీయాలి, ఏ రోజు తీయకూడదు

తేనెటీగల పెట్టెను రెండుగా విడగొట్టడానికి అరగంట చాలు. విడగొట్టిన పెట్టెలో కొత్త రాణి సక్రమంగా గుడ్లు పెడుతున్నదని నిశ్చయంగా చెప్పడానికి మాత్రం నెల రోజులకు పైగా పడుతుంది. ఈ నెలలో మీ చేతులు చేయవలసిన పని చాలా తక్కువ, మీరు లెక్క పెట్టవలసిన రోజులే ఎక్కువ. అయినా విడగొట్టిన పెట్టెలు పాడయ్యేది ఈ కాలంలోనే, అదీ రెండు రకాల పొరపాట్ల వల్ల: ఆత్రం ఆపుకోలేక తెరవకూడని రోజుల్లో మూత తీయడం ఒకటి, ‘ఇంకొన్నాళ్ళు చూద్దాం’ అనుకుంటూ తప్పక చూడవలసిన రోజును దాటించడం మరొకటి.

ఇక్కడ చెప్పే లెక్కలు పది చట్రాల (ఈగలు మైనపు గదులు కట్టుకునే చెక్క చట్రాల) పెట్టెల్లో పెంచే ఐరోపా తేనెటీగకు, అంటే ఎపిస్ మెల్లిఫెరాకు సంబంధించినవి. రాణి ఉన్న సగాన్ని ఒక పెట్టెలోనూ, గుడ్లు, చిన్న పిల్లలు, వాటిని పెంచే లేత కూలి ఈగలు ఉన్న సగాన్ని మరో పెట్టెలోనూ ఉంచి, రాణి లేని సగం తన రాణిని తానే తయారు చేసుకునేలా వదిలిపెట్టే పద్ధతిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. మన పుట్ట తేనెటీగను, అంటే ఎపిస్ సెరానాను పెంచేవారు గమనించవలసిన తేడాలు కొన్ని ఉన్నాయి. వాటిని చివరి భాగంలో విడిగా చెబుతాను.

ముందుగా తేదీ రాయండి

విడగొట్టిన రోజునే పెట్టె మూత లోపలివైపు ఆ తేదీని చెరగని సిరాతో రాయండి. ఇంట్లో గోడ క్యాలెండరు మీద కూడా రాయండి, ఎందుకంటే మూత లోపల ఏముందో చూడాలంటే మూత తీయాలి. మూత తీయకుండా ఉండటమే కదా మన పని. పెట్టెలు నాలుగైదు దాటిన తర్వాత జ్ఞాపకం మీద ఆధారపడిన వాడెవ్వడూ లెక్క తప్పకుండా ఉండలేదు.

రోజుల లెక్క ఇలా సాగుతుంది. రాణి గుడ్డు పెట్టిన మూడు రోజులకు పిల్ల పురుగు బయటికి వస్తుంది. రాణిగా పెరిగే పురుగు గదికి ఎనిమిదో రోజు ప్రాంతంలో మూత పడుతుంది. గుడ్డు పెట్టిన నాటి నుంచి పదహారో రోజుకు రాణి బయటికి వస్తుంది. కూలి ఈగకు ఇదే ప్రయాణం 21 రోజులు, పోతుటీగకు, అంటే మగ ఈగకు, 24 రోజులు. రాణి లేదని తెలిసిన కొన్ని గంటల్లోనే కూలి ఈగలు అప్పుడే పిగిలిన లేదా ఒక రోజు వయసున్న పురుగులను ఎన్నుకుని వాటి గదులను పెద్దవి చేయడం మొదలుపెడతాయి. అంటే అప్పటికే గుడ్డు వయసు మూడు నాలుగు రోజులు గడిచిపోయింది కాబట్టి, విడగొట్టిన నాటి నుంచి పన్నెండు పదమూడు రోజుల్లో కన్నె రాణి పుడుతుంది.

పుట్టిన రాణి వెంటనే గుడ్లు పెట్టదు. ఆమె ఒళ్ళు గట్టిపడి, ఎగరగలిగే స్థితికి వచ్చేందుకు ఐదారు రోజులు కావాలి. ఆ తర్వాత ఎండ బాగా కాసి, గాలి మందంగా ఉన్న మధ్యాహ్నాల్లో బయటికి ఎగిరి, ఒకటి రెండు మూడు విహారాల్లో మొత్తం పది నుంచి ఇరవై పోతుటీగలతో జతకడుతుంది. ఆఖరి విహారం అయిన రెండు మూడు రోజులకు తొలి గుడ్డు పెడుతుంది. అన్నీ కలిసివస్తే విడగొట్టిన నాటి నుంచి ఇరవై నాలుగు, ఇరవై ఐదు రోజులకే గుడ్లు కనిపించవచ్చు. మబ్బు పట్టినా, వాన పడినా ముప్పై ఐదు రోజుల దాకా జరగవచ్చు.

ఉదాహరణకు మీరు జనవరి 10న పెట్టె విడగొట్టారనుకుందాం. రాణి గదులను చూసే రోజు జనవరి 14. కన్నె రాణి పుట్టేది జనవరి 22 లేదా 23. ఎగరడం మొదలయ్యేది జనవరి 28 ప్రాంతంలో. గుడ్ల కోసం తొలిసారి చట్రాలు తీసి చూసేది ఫిబ్రవరి 7, అంటే ఇరవై ఎనిమిదో రోజు. ఏ నిర్ణయమూ తీసుకోకుండా ఇక ఆగకూడని రోజు ఫిబ్రవరి 14. ఈ ఐదు తేదీలనూ ముందే రాసి పెట్టుకోండి.

నాలుగో రోజు: ఒక్కసారి, జాగ్రత్తగా

పైన చెప్పిన ఉదాహరణలో నాలుగో రోజు సంక్రాంతి పండగ మీద పడింది; పండగ కదా అని వారం వాయిదా వేయకండి, ఈ చూపుకు తర్వాత అవకాశం ఉండదు. పిల్లలున్న చట్రాలను ఒక్కొక్కటిగా నిటారుగా పైకి తీసి, వేరుశెనక్కాయ ఆకారంలో కిందికి వేలాడే రాణి గదుల కోసం వెతకండి. ఇలా ఆపద వేళ కట్టుకున్న రాణి గదులు చట్రం అంచుల్లోనే కాక, నడిమధ్య కూడా ఉంటాయి. మూత పడని గదిలోకి చూస్తే అడుగున రాణి పురుగుకు పెట్టే తెల్లని తిండి, అంటే రాయల్ జెల్లీ మీద తేలుతున్న పురుగు కనిపించాలి.

నాలుగో రోజు ఉదయానికే మూత పడిపోయిన రాణి గదులు ఉంటే, అవి కాస్త ముదిరిన పురుగులతో మొదలుపెట్టినవి అయి ఉండవచ్చు. అటువంటి పురుగు మొదట కూలి ఈగకు పెట్టే తిండి తిని, ఆలస్యంగా రాణి పోషణలోకి వచ్చింది కాబట్టి, దాని నుంచి పుట్టే రాణి పరిమాణంలోనూ, గుడ్లు పెట్టే శక్తిలోనూ తక్కువగా ఉండే ప్రమాదం ఉంది. అందరికంటే ముందుగా పుట్టేది కూడా అదే. పుట్టగానే మిగతా గదులను కొరికి, లోపలి రాణులను చంపేస్తుంది. కాబట్టి మూత పడని మంచి గదులు కనీసం రెండు మూడు ఉన్నాయని రూఢి చేసుకున్న తర్వాత, మూత పడిన గదులను చిదిమేయవచ్చు. అన్నీ మూతపడి ఉంటే మాత్రం దేన్నీ ముట్టుకోకండి, ఉన్నదాంతో సరిపెట్టుకోవడమే మేలు.

గదులు పది పన్నెండు ఉంటే అన్నీ ఉంచడం కూడా మంచిది కాదు. బలమైన పెట్టెలో ఎక్కువ రాణి గదులు ఉంటే, తొలి రాణి కొన్ని ఈగలను వెంటబెట్టుకుని గుంపుగా లేచిపోవచ్చు, అప్పటికే సగమైన పెట్టె మరింత సగమవుతుంది. ఒకే చట్రంలో పక్కపక్కనే ఉన్న పెద్దవి, గరుకుగా చెక్కినట్టు ఉన్నవి రెండు మూడు ఉంచి, మిగతావి తీసేయండి. రాణి గదులున్న చట్రాన్ని ఈగలు రాలడం కోసం విదిలించడం, పక్కకు పడుకోబెట్టడం, తలకిందులు చేయడం పూర్తిగా మానండి.

ఈ చూపులోనే మిగతా ఏర్పాట్లు ముగించండి. గుమ్మాన్ని రెండు మూడు వేళ్ళ వెడల్పుకు తగ్గించండి, తేనె నిలవ తక్కువగా ఉంటే పంచదార పాకం పెట్టండి, ఈగలు కప్పలేని ఖాళీ చట్రాలను తీసి భద్రపరచండి. ఈగలు కాపు కాయని చట్రాల్లోకే మైనపు పురుగు చేరుతుంది.

ఐదో రోజు నుంచి ఇరవై ఏడో రోజు దాకా: మూత తీయకండి

ఈ భాగం రాయడానికే ఇదంతా మొదలుపెట్టాను. ఐదో రోజు నుంచి రాణి గదిలో పురుగు ప్యూపాగా మారుతుంది. ఆ దశలో చిన్న కుదుపు తగిలినా రెక్కలు, కాళ్ళు సరిగా ఏర్పడకపోవచ్చు. పన్నెండో రోజు తర్వాత ప్రమాదం మరో రకంగా ఉంటుంది. కన్నె రాణికి పొట్ట సన్నగా ఉంటుంది, కూలి ఈగ కంటే కాస్త పొడవుగా మాత్రమే ఉంటుంది, చట్రం మీద నిలకడ లేకుండా పరుగులు పెడుతుంది, కంగారు పడితే ఎగిరిపోతుంది. ఆమె చుట్టూ పరివారం కూడా ఇంకా సరిగా కుదరదు. పొగపెట్టి, చట్రాలు కదిపి పెట్టెను కల్లోలపరిస్తే, కూలి ఈగలు ఆమెనే పరాయిదానిగా భావించి ముద్దగా చుట్టుముట్టి చంపిన సందర్భాలు పెంపకందారులకు కొత్త కాదు.

పద్దెనిమిదో రోజు దాటాక రాణి మధ్యాహ్నాలు బయటికి వెళ్ళి వస్తూ ఉంటుంది. ఆమె తన పెట్టెను గుర్తుపట్టేది దాని స్థానం, రంగు, చుట్టూ ఉన్న ఆనవాళ్ళ ఆధారంగానే. కాబట్టి ఈ రోజుల్లో పెట్టెను అడుగు దూరం కూడా జరపకూడదు, మూతకు రంగు మార్చకూడదు, గుమ్మం ముందు గడ్డిని ఒక్కసారిగా కోసేయకూడదు, పక్కనున్న పెట్టెలను అటూ ఇటూ మార్చకూడదు. ఒకే రంగు పెట్టెలు ఒకే వరుసలో దగ్గర దగ్గరగా ఉంటే రాణి పొరపాటున పక్క పెట్టెలో దిగుతుంది, అక్కడి ఈగలు ఆమెను బతకనివ్వవు. విడగొట్టిన రోజునే కొత్త పెట్టె ముందు ఒక రాయి, ఒక విరిగిన కుండ, లేదా గుమ్మం పైన ఒక పసుపు గీత పెట్టి ఉంచితే ఈ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది.

నా మొదటి ఏడాది అనుభవం చెబుతాను. ఇరవై ఒకటో రోజున, మధ్యాహ్నం మూడు గంటల వేళ, కాలు గాలిన పిల్లిలా పెట్టె చుట్టూ తిరిగి తిరిగి చివరికి మూత తీశాను. చట్రాలన్నీ రెండుసార్లు వెతికినా రాణి కనిపించలేదు, గుడ్లూ లేవు. రాణి పోయిందని తీర్మానించుకుని, డబ్బు పెట్టి తెచ్చిన మరో రాణిని చిన్న పంజరంలో పెట్టి లోపల ఉంచాను. రెండు రోజుల తర్వాత ఆ రాణి గుమ్మం ముందు చచ్చి పడి ఉంది. మరో పది రోజులకు చూస్తే, నేను లేదని తీర్మానించిన రాణే మూడు చట్రాల్లో చక్కగా గుడ్లు పెట్టి ఉంది. నేను వెతుకుతున్న సమయంలో ఆమె విహారంలో ఉందో, చట్రం కింద దాక్కుందో నాకు ఈనాటికీ తెలియదు. కన్నె రాణిని కంటితో వెతకడం కంటే రోజులు లెక్కపెట్టుకోవడం నమ్మదగిన పని అని నేను నమ్మేది అప్పటి నుంచే.

రాణి పెట్టె లోపల కాక బయట ఆకాశంలో జతకడుతుందన్న సంగతి పెంపకందారులకు ఎల్లకాలం తెలిసినది కాదు. స్విట్జర్లాండులోని జెనీవాకు చెందిన ఫ్రాన్స్వా ఊబె, తనకు చూపు పోయినా, తన సేవకుడు బర్నెన్స్ కళ్ళతో చూస్తూ చేసిన పరిశీలనలను 1792లో ప్రచురించాడు. విహారం నుంచి తిరిగి వచ్చిన రాణి పొట్ట చివర పోతుటీగ విడిచిన తెల్లని గుర్తు ఉంటుందని అందులో వివరించాడు. గుమ్మం దగ్గర ఓపికగా కూర్చుంటే, అదృష్టం ఉంటే, ఆ గుర్తుతో దిగే రాణిని మీరూ చూడవచ్చు. మూత తీయకుండా చేయగలిగిన పనుల్లో అన్నింటికంటే ఆనందం కలిగించేది ఇదే.

బయట నుంచి చూడవలసినవి

మూత తీయవద్దన్నానే గాని, పెట్టె వైపు వెళ్ళవద్దని అనలేదు. రోజూ ఐదు నిమిషాలు గుమ్మానికి ఒక పక్కగా నిలబడి చూడండి. పన్నెండో రోజు ప్రాంతంలో సాయంత్రం వేళ పెట్టెకు చెవి ఆనిస్తే, సన్నని బూర ఊదినట్టు ఒక సాగిన కూత, దాని వెనుక తెంపులు తెంపులుగా కొన్ని కూతలు వినిపించవచ్చు. అది అప్పుడే పుట్టిన రాణి చేసే శబ్దం. ఇంకా గదుల్లో ఉన్న రాణులు దానికి మరింత మందమైన గొంతుతో బదులిస్తాయి. ఇది వినిపించకపోయినా దిగులు పడవలసినది లేదు.

ఆ తర్వాతి వారాల్లో కూలి ఈగలు కాళ్ళకు పుప్పొడి ముద్దలు కట్టుకుని వస్తున్నాయా, గుమ్మం దగ్గర కాపలా ఈగలు ఉన్నాయా, దొంగ ఈగలు మూలల నుంచి దూరే ప్రయత్నం చేస్తున్నాయా అన్నవి చూడండి. పుప్పొడి రాకను మంచి సంకేతంగా తీసుకోవచ్చు గాని, రుజువుగా తీసుకోకూడదు, ఎందుకంటే రాణి లేని పెట్టెలోకి కూడా కొంత పుప్పొడి వస్తూనే ఉంటుంది. మధ్యాహ్నం వేళ పోతుటీగలు గుంపుగా ఎగురుతున్నాయంటే ఆ పూట రాణి ఎగరడానికి కూడా వాతావరణం అనుకూలంగా ఉన్నట్టే.

ఆకాశం వైపు కూడా ఒక చూపు వేయాలి. కరెంటు తీగల మీద వరుసగా కూర్చుని ఎగిరే ఈగలను గాలిలోనే పట్టుకునే పచ్చ పిట్టలు, పసుల పోలిగాళ్ళు పెట్టెల చుట్టూ చేరితే, కూలి ఈగలు వందల్లో పోయినా పెట్టె తట్టుకుంటుంది గాని, రాణి ఒక్కటి పోతే నెల శ్రమ వృథా అవుతుంది. ఆ పిట్టలు మేసే ఎత్తైన తీగలకు, ఎండు కొమ్మలకు దూరంగా, చెట్ల నీడ అంచున పెట్టెలు పెట్టుకోవడం తప్ప దీనికి వేరే ఉపాయం లేదు.

తెలుగు నేల మీద వాతావరణం లెక్కను ఎలా మారుస్తుందో కూడా గుర్తుంచుకోవాలి. తెలంగాణలో జనవరి తెల్లవారుజాములు ఎంత చల్లగా ఉన్నా మధ్యాహ్నాలు రాణి విహారానికి తగినంత వెచ్చగానే ఉంటాయి. కోస్తా జిల్లాల్లో అక్టోబరు, నవంబరుల్లో విడగొట్టిన పెట్టెలకు మాత్రం వాయుగుండాలు, తుపానులు అడ్డం వస్తాయి. నాలుగైదు రోజులు ఎడతెరిపి లేకుండా ముసురు పట్టిందంటే గుడ్ల కోసం చూసే తేదీని అన్ని రోజులూ ఆలస్యం చేయండి. అరకు, చింతపల్లి కొండల్లో వలిసెలు పూసే నవంబరు, డిసెంబరు రోజుల్లో మేత సమృద్ధిగా దొరుకుతుంది గాని, మంచు ఆలస్యంగా విడిపోయి, సాయంత్రం చలి త్వరగా దిగే రోజుల్లో రాణికి దొరికే ఎగిరే వేళ కొద్దిగంటలే. ఉష్ణోగ్రత 20 డిగ్రీలకు తగ్గితే రాణి సాధారణంగా బయటికి రాదు.

అన్నింటికంటే ముందు పోతుటీగలు ఉండాలి. పోతుటీగ పుట్టిన పన్నెండు రోజులకు గాని జతకట్టే వయసు రాదు. గుడ్డు నుంచి లెక్కిస్తే అయిదు వారాలు దాటుతుంది. విడగొట్టే నాటికి మీ పెట్టెల్లో పోతుటీగలు తిరుగుతూనో, మూతపడిన గదుల్లో ముదిరో లేకపోతే, మిగతా లెక్కలన్నీ సరిగా ఉన్నా రాణి ఎగిరి వట్టి చేతులతో తిరిగి వస్తుంది.

ఇరవై ఎనిమిదో రోజు: గుడ్లు వెతకడం

ఈ చూపు ఉదయం పది గంటల లోపు ముగించండి. రాణి ఇంకా విహారాలకు వెళ్ళేదైతే ఆ వేళకు లోపలే ఉంటుంది. పొగ నామమాత్రంగా వాడండి. రాణిని వెతకకండి, గుడ్లను వెతకండి. అంచు చట్రాన్ని తీసి పక్కన పెట్టి, సందు చేసుకున్న తర్వాత నడిమి చట్రాన్ని నెమ్మదిగా పైకి తీయండి. సూర్యుడు మీ వీపు వెనుక ఉండేలా నిలబడి, వెలుతురు భుజం మీదుగా గది అడుగుదాకా పడేలా చట్రాన్ని వంచండి. బియ్యపు గింజను పది వంతులు సన్నం చేసినట్టుండే తెల్లని గుడ్డు అడుగున ఒకటి నిలబడి ఉంటే అది ఆనాటిదే; ఒరిగి ఉంటే రెండో రోజుది; పూర్తిగా పడుకుని ఉంటే మూడో రోజుది. కొత్త తెల్లని మైనంలో గుడ్లు కనిపించడం కష్టం, కాబట్టి ముదురు రంగు పాత చట్రాన్ని నడుమ ఉంచడం ఈ రోజు ఉపయోగపడుతుంది. నలభై దాటినవారు చత్వారం కళ్ళద్దాలు తప్పక పెట్టుకోవాలి. ముసుగు వల అడ్డం వచ్చి చూపు ఆనకపోతే సెల్‌ఫోనుతో ఫొటో తీసి, ఇంటికి వచ్చి పెద్దది చేసి చూసుకోండి.

గుడ్లు కనిపిస్తే వెంటనే మూసేయండి, రాణిని చూడాలన్న ముచ్చట మరో పదిరోజులు ఆగవచ్చు. కొత్త రాణి తొలి రోజుల్లో ఒక్కో గదిలో రెండేసి గుడ్లు పెట్టడం, కొన్ని గదులు వదిలేయడం ఉంటుంది. అలవాటు కుదరని తొలి పనితనమే అది, వారంలో సర్దుకుంటుంది.

గుడ్లు కనిపించకపోతే నడిమి గదులను చూడండి. నడి చట్రాల్లో అరచేతి వెడల్పున గదులు ఖాళీగా, అద్దంలా తుడిచి మెరుస్తూ ఉండి, వాటి చుట్టూ తేనె, పుప్పొడి వలయంలా పేర్చి ఉంటే, కూలి ఈగలు రాణి కోసం చోటు సిద్ధం చేసి ఎదురుచూస్తున్నాయని అర్థం. పెట్టె అంతా నెమ్మదిగా ఉంటుంది. అలా కాక నడిమి గదులన్నింటినీ తేనెతో నింపేసి, మూత తీయగానే మూలుగు లాంటి పెద్ద రొద లేచి, ఈగలు చట్రాల మీద గజిబిజిగా తిరుగుతుంటే అనుమానించాలి. అనుమానమే గాని తీర్పు కాదు. తీర్పు చెప్పేది పరీక్ష చట్రం.

పరీక్ష చట్రం

మరో ఆరోగ్యమైన పెట్టె నుంచి గుడ్లు, అప్పుడే పిగిలిన పురుగులు ఉన్న చట్రం ఒకటి, ఈగలను పూర్తిగా దులిపి, ఆ పెట్టెలోని రాణి దాని మీద లేదని రెండుసార్లు చూసుకుని, విడగొట్టిన పెట్టె నడుమ ఉంచండి. నాలుగు రోజుల తర్వాత ఆ ఒక్క చట్రాన్నే తీసి చూడండి. దాని మీద రాణి గదులు కట్టడం మొదలుపెడితే పెట్టెలో రాణి లేదు. ఏ రాణి గదీ లేకుండా పిల్లలను మామూలుగా పెంచుతుంటే లోపల రాణి ఉంది. ఆమె ఇంకా గుడ్లు పెట్టకపోయినా ఉంది. అప్పుడు మరో వారం ఆగడంలో తప్పు లేదు.

ఈ చట్రం వల్ల మరో మేలు కూడా ఉంది. పాత రాణి పెట్టిన చివరి గుడ్ల నుంచి కూలి ఈగలు విడగొట్టిన ఇరవై ఒకటో రోజుకల్లా పుట్టేస్తాయి, అంటే మన ఉదాహరణలో జనవరి 31తో కొత్త ఈగల రాక ఆగిపోతుంది. కొత్త రాణి ఫిబ్రవరి 5న తొలి గుడ్డు పెట్టినా, దాని నుంచి ఈగ పుట్టేది ఫిబ్రవరి 26న. మధ్యలోని నాలుగు వారాలు పెట్టె చిక్కిపోతూనే ఉంటుంది, అది సహజమే. పరీక్ష చట్రంలోని పిల్లలు ఈ లోటును కొంత పూడ్చడమే కాక, మూతపడని పిల్లల వాసన పెట్టెలో ఉండటం వల్ల కూలి ఈగలు తామే గుడ్లు పెట్టే స్థితికి దిగజారకుండా కొంతకాలం ఆపుతుంది. నా మటుకు నేను ఇరవై ఎనిమిదో రోజున గుడ్లు కనిపించని ప్రతి పెట్టెకూ మరో ఆలోచన లేకుండా ఈ చట్రాన్ని ఇస్తాను.

రాణి గదులు కట్టాయని తేలితే, వాటినే పెరగనిచ్చి మళ్ళీ నెల రోజులు వేచి ఉండటం చాలామందికి తోచే దారి. ఆ దారి నాకు సమ్మతం కాదు. అప్పటికే ముసలివైన ఈగలతో మరో నెల గడిచేసరికి రాణికి గుడ్లు పెట్టే చోటున్నా, వాటిని పెంచే చేతులు మిగలవు. జతకట్టిన రాణి దొరికితే రాణి గదులన్నీ తీసేసి ఆమెను పంజరంలో ఇవ్వండి. దొరకకపోతే, రెండు పెట్టెల మధ్య ఒక దినపత్రిక కాగితం పరిచి, సూదితో నాలుగు బెజ్జాలు పొడిచి, పాత రాణి ఉన్న తల్లి పెట్టె మీద ఈ పెట్టెను సాయంత్రం వేళ ఎక్కించండి. ఈగలు కాగితాన్ని కొరుక్కుంటూ రెండు మూడు రోజుల్లో వాసనలు కలుపుకుని ఒకటవుతాయి. ఒక పెట్టె తగ్గిందన్న బాధ ఉంటుంది గాని, రెండు బలహీనమైన పెట్టెల కంటే ఒక బలమైన పెట్టె తేనె కాలంలో ఎక్కువ ఇస్తుంది.

గుడ్లు ఉన్నా నమ్మకూడని సందర్భాలు

గుడ్లు కనిపించాయని ఊరట చెందేముందు అవి ఎవరు పెట్టినవో చూడాలి. ఒక్కో గదిలో నాలుగైదు గుడ్లు, అవి కూడా అడుగున కాక గోడలకు అంటుకుని, చట్రమంతా చెదురుమదురుగా ఉంటే, అవి రాణి గుడ్లు కావు. పొట్ట చిన్నదవడం వల్ల గది అడుగుకు అందలేని కూలి ఈగలు పెట్టినవి. ఫలదీకరణ చెందని గుడ్ల నుంచి పోతుటీగలే పుడతాయని యోహాన్ జెర్జోన్ అనే మతాచార్యుడు 1845లోనే ప్రకటించాడు. కూలి ఈగల గుడ్ల గతి అంతే. పుట్టిన మూడు నాలుగు వారాల్లో జతకట్టలేకపోయిన రాణి గతీ అదే: ఆమె గుడ్లు గదికొకటి చొప్పున అడుగునే ఉన్నా, వాటి నుంచి వచ్చేవన్నీ పోతుటీగలే.

ఈ రెండో రకాన్ని గుడ్డు దశలో పసిగట్టడం సాధ్యం కాదు. అందుకే తొలి గుడ్లు కనిపించిన పది రోజులకు మరోసారి చూడటం తప్పనిసరి. కూలి ఈగల చిన్న గదుల మీద మూతలు చదునుగా, దగ్గర దగ్గరగా పరుచుకుని ఉంటే మీ నిరీక్షణ ముగిసింది. ఆ చిన్న గదుల మీదే తుపాకీ గుండ్లలా ఉబ్బిన మూతలు ఉంటే రాణి పనికిరాదు. ఆమెను తీసేసి పెట్టెను మరో పెట్టెలో కలపండి. కూలి ఈగలే గుడ్లు పెడుతున్న పెట్టెకు కొత్త రాణిని ఇస్తే సాధారణంగా చంపేస్తాయి. అటువంటి పెట్టెను బలమైన పెట్టెల ఎదుట కొంత దూరంలో దులిపేసి, ఈగలు తమకు నచ్చిన గుమ్మంలో చేరేలా వదిలేయడం ఉత్తమం.

పుట్ట తేనెటీగ పెంచేవారికి

ఏడు చట్రాల న్యూటన్ పెట్టెల్లో పుట్ట తేనెటీగను పెంచేవారికి రాణి పెరిగే రోజుల లెక్క దాదాపు ఇదే. తేడా స్వభావంలో ఉంది. పెట్టె లేచిపోకుండా గుమ్మానికి రాణి గేటు పెట్టే అలవాటు మనలో చాలామందికి ఉంది. రాణి లేని సగానికి ఆ గేటు ఉంచితే కన్నె రాణి బయటికి రాలేదు, పోతుటీగలూ రాలేవు, ఆమె జతకట్టకుండానే లోపల ముదిరిపోతుంది. పదో రోజుకల్లా గేటు తీసేయండి, గుడ్లు కనిపించేదాకా మళ్ళీ పెట్టకండి.

రాణి పోయిన పుట్ట తేనెటీగ పెట్టెల్లో కూలి ఈగలు గుడ్లు పెట్టడం మెల్లిఫెరాలో కంటే చాలా త్వరగా మొదలవుతుంది. పిల్లలు లేని పెట్టెను పదేపదే తెరిచినా, మేత తగ్గినా, చీమలు ఎక్కినా గుంపంతా ఒక ఉదయం లేచి వెళ్ళిపోతుంది. ఈ రెండింటికీ విరుగుడు ఒకటే: ఇరవై ఎనిమిదో రోజుదాకా ఆగకుండా, పద్నాలుగో రోజు ప్రాంతంలో, ఉదయం వేళ, మూత మాత్రం తీసి అంచున ఒక పిల్లల చట్రాన్ని దింపి మూసేయండి, మిగతా చట్రాలను కదపకండి. పెట్టె కాళ్ళను నీళ్ళ పళ్ళేల్లో ఉంచండి, పాకం రాత్రి వేళ కొద్దికొద్దిగా పెట్టండి. చట్రం తెచ్చే పెట్టెలో మూతపడని పిల్లలు నీళ్ళు నిండిన సంచుల్లా సాగి చచ్చి లేవని చూసుకోండి. 1990ల ఆరంభంలో దక్షిణాది పుట్ట తేనెటీగలను ఊళ్ళకు ఊళ్ళే తుడిచిపెట్టిన థాయ్ శాక్ బ్రూడ్ వైరస్ జబ్బు పైకి కనిపించే తీరు అది.

పోతుటీగల గదులను గుర్తించడం ఈ జాతిలో తేలిక. వాటి మూత నడుమ సూది మొనతో పొడిచినట్టు చిన్న రంధ్రం ఉంటుంది. కూలి ఈగల గదుల వరుసల నడుమ అటువంటి రంధ్రాల మూతలు చాలా కనిపిస్తే, రాణి విషయంలో మరో నాలుగు రోజులు కూడా ఆగకుండా ఆ సాయంత్రమే నిర్ణయం తీసుకోండి.